మా ఆయన బోన్‌మారో ట్రాన్స్‌ప్లాంట్: హైదరాబాద్‌లో ఒక బీఎంటీ యూనిట్ మీద నా రివ్యూ

తాడేపల్లిగూడెంలో నాకు చిన్న మెడికల్ షాపు ఉంది. డీఫార్మసీ చదివి, పెళ్లయిన ఏడాదే పెట్టాను. మందు చేతిలోకి వస్తే ముందు బ్యాచ్ నంబరూ, ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ చూసే అలవాటు. అందుకని ఈ రివ్యూలో ఏసీ ఎలా ఉంది, లాబీ ఎంత పెద్దది లాంటివి దొరకవు. ఆస్పత్రి పేరు కూడా రాయడం లేదు. బిల్లింగ్ దగ్గర నాకూ వాళ్లకీ పేచీ ఉంది, అది ఇంకా తేలలేదు. పేరు లేకపోయినా నష్టం లేదు, వేరే యూనిట్‌కి వెళ్లేవాళ్లకీ ఇందులో పనికొచ్చేది ఉంటుంది.

మా ఆయనకి మల్టిపుల్ మైలోమా. ఎముకల మూలుగులో ఉండే ప్లాస్మా కణాలు అదుపు తప్పి పెరిగే క్యాన్సర్. ఆయన రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు, కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందని అందరం అనుకున్నాం. హిమోగ్లోబిన్ ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా పెరగకపోయేసరికి ఫిజీషియన్ గారికి అనుమానం వచ్చి పరీక్షలు రాశారు. తర్వాత వారం వారం బోర్టెజోమిబ్ ఇంజెక్షన్, లెనలిడోమైడ్ క్యాప్సూల్స్, డెక్సామెథాసోన్. ఇవన్నీ విజయవాడలోనే అయ్యాయి. జబ్బు బాగా అణిగాక ట్రాన్స్‌ప్లాంట్ కోసం హైదరాబాద్ వెళ్లాం.

వెళ్లే ముందు ఇంకో చోట కూడా అడిగాం. అక్కడ కౌన్సెలర్ అమ్మాయి లామినేట్ చేసిన ప్యాకేజీ కార్డు ముందు పెట్టి, "ట్రాన్స్‌ప్లాంట్ అయితే ఇంక టెన్షన్ ఉండదు మేడమ్" అంది. మైలోమాకి అలాంటి మాట ఎవరూ ఇవ్వకూడదు. లేచి వచ్చేశాం.

ఇక్కడ డాక్టర్ గారు కాగితం తీసుకుని రెండు గీతలు గీశారు. 1996లో ఫ్రాన్స్ వాళ్లు ప్రచురించిన ట్రయల్‌లో 200 మంది. మామూలు కీమో తీసుకున్నవాళ్లలో అయిదేళ్లకి బతికి ఉండే అవకాశం 12 శాతం, హైడోస్ కీమో ఇచ్చి మూలుగు మళ్లీ ఎక్కించినవాళ్లలో 52 శాతం. "అప్పట్లో ఇంత తేడా ఉండబట్టే ట్రాన్స్‌ప్లాంట్ అందరికీ అలవాటైందండి" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే రెండో గీత దగ్గరికి వెళ్లారు. "ఇప్పుడు మీవారు వాడిన మందులు అప్పుడు లేవు. ఈ మందులతో పోల్చి చూసిన అమెరికా ట్రయల్ 2022లో వచ్చింది. జబ్బు తిరగబెట్టకుండా ఉన్న కాలం ట్రాన్స్‌ప్లాంట్ వాళ్లకి మధ్యస్థంగా 67 నెలలు, చేయించుకోనివాళ్లకి 46 నెలలు. కానీ ఎక్కువ కాలం బతికారా అంటే, తేడా కనబడలేదు."

ఇది చెప్పకపోతే ఆయన్ని అడిగేవాళ్లు లేరు. చెప్పారు. మరి ఎందుకు చేయించుకోవాలి అని మా ఆయనే అడిగారు. తిరగబెట్టాక వాడే కొత్త మందులు అక్కడివాళ్లకి ఇన్సూరెన్స్ మీద వస్తాయి, మనకి నెలకి లక్షల్లో ఖర్చు. జబ్బు ఎంత ఆలస్యంగా తిరిగొస్తే మనకి అంత మేలు. వయసు, కిడ్నీలు సహకరిస్తున్నప్పుడే చేయించుకోవడం ఒక లెక్క, కణాలు తీసి దాచుకుని తర్వాత చూద్దామనడం ఇంకో లెక్క, రెండూ తప్పు కాదు అన్నారు. వారం టైమిచ్చారు. ఈ కన్సల్టేషన్ ఒక్కదానికే అయిదు స్టార్లు ఇచ్చేస్తాను.

కణాల సేకరణ గురించి. మైలోమాలో చేసేది ఆటోలోగస్, అంటే దాత ఎవరూ ఉండరు, రోగి మూలకణాలే ముందు తీసి పెట్టి తర్వాత ఆయనకే ఎక్కిస్తారు. తుంటి ఎముకలో సూదులు గుచ్చి తీస్తారని మా అత్తగారు భయపడి ఏడ్చారు. ఇప్పుడు అలా తీయడం తక్కువ. జీసీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు నాలుగైదు రోజులు ఇస్తే మూలకణాలు రక్తంలోకి వస్తాయి. ఎఫెరిసిస్ మెషిన్ రక్తాన్ని లాగి, కావలసిన కణాలు పక్కకు తీసి, మిగతాది తిరిగి ఒంట్లోకి పంపుతుంది. రక్తం గడ్డ కట్టకుండా అందులో సిట్రేట్ కలుపుతారు, అది ఒంట్లో కాల్షియాన్ని పట్టేస్తుంది. "పెదాలు తిమ్మిరెక్కుతున్నాయి" అని ఆయన అన్నారో లేదో టెక్నీషియన్ కాల్షియం పెంచాడు. అంతే, సర్దుకుంది. జీసీఎస్ఎఫ్ వల్ల వచ్చే ఎముకల నొప్పి మాత్రం గట్టిగానే ఉంటుంది, పారాసిటమాల్‌తో పూర్తిగా పోదు. ఆ సంగతి వీళ్లు ముందే ఇంకొంచెం నొక్కి చెప్పాల్సింది.

సేకరణకి ముందు రోజు సాయంత్రం లెక్క చూస్తే రక్తంలో సీడీ34 కణాలు, అంటే మూలకణాలే, తక్కువగా ఉన్నాయి. లెనలిడోమైడ్ వాడినవాళ్లలో ఇలా అవుతుందట. ప్లెరిక్సాఫోర్ అనే ఇంజెక్షన్ రాత్రికి ఇవ్వాలన్నారు. ఖరీదైన ఇంజెక్షన్. దీని కథ నాకు భలే నచ్చింది: మొదట ఎయిడ్స్ వైరస్ మీద పనిచేస్తుందేమో అని పరీక్షించిన మందు. దానికి పనికిరాలేదు గానీ, వాడినవాళ్లలో తెల్లకణాలు పెరగడం చూసి ఇటు మళ్లించారు. 2008లో అమెరికాలో అనుమతి వచ్చింది. మర్నాడు కిలో బరువుకి 46 లక్షల కణాలు వచ్చాయి, కనీసం 20 లక్షలు ఉంటే చాలట.

కణాల బ్యాగుని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాస్తారని చదివి వెళ్లాను. ఇక్కడ బ్లడ్‌బ్యాంక్ ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెట్టారు. నా షాపులో ఇన్సులిన్ ఉండేదీ ఇంచుమించు అదే చల్లదనంలో. ఇదేం చోద్యం అని అడిగాను. మైలోమాకి ఇచ్చే హైడోస్ కీమో మందు మెల్ఫలాన్ ఒంట్లో కొద్ది గంటలకి మించి ఉండదు, అందుకని కీమో ఇచ్చిన మర్నాడే కణాలు ఎక్కించేయొచ్చు, ఒకటి రెండు రోజులకి ఫ్రిజ్ సరిపోతుంది అన్నారు. మన దేశంలోనే చాలా కేంద్రాలు ఇలా చేసి ఫలితాలు ప్రచురించాయి. గడ్డకట్టించేటప్పుడు కలిపే డీఎంఎస్ఓ అనే రసాయనం వల్ల వచ్చే వాంతులూ, గదంతా పట్టే ఆ వాసనా కూడా ఉండవు, ఖర్చూ తగ్గుతుంది. అయితే బ్యాగు మీద లేబుల్, తీసిన టైము, ఫ్రిజ్ టెంపరేచర్ చార్టు చూపించమంటే మొదట కాస్త విచిత్రంగా చూశారు. తర్వాత చూపించారు. చార్టులో ఖాళీలు లేవు.

ఇక మెల్ఫలాన్ రోజు. ఈ మందు పుట్టుక మస్టర్డ్ గ్యాస్ వంశంలోది. యుద్ధంలో మనుషుల్ని చంపడానికి చేసిన విషానికి తెల్లకణాల్ని తుడిచిపెట్టే గుణం ఉందని గమనించి, 1942లో అమెరికాలోని యేల్‌లో దాని చుట్టం నైట్రోజన్ మస్టర్డ్‌ని మొదటిసారి ఒక క్యాన్సర్ రోగికి ఎక్కించారు. మెల్ఫలాన్ దాని తర్వాతి తరం. డోసు శరీర వైశాల్యాన్ని బట్టి: చదరపు మీటరుకి 200 మిల్లీగ్రాములు. ఆయన ఎత్తు 168, బరువు 64. నేనూ ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి వేశాను, 346 వచ్చింది. చార్టులో ఉన్నదీ అదే. 50 మిల్లీగ్రాముల వయల్స్ ఏడు.

ఈ మందు ఒకసారి కలిపాక ఎక్కువసేపు నిలవదు, గంటలోపు ఒంట్లోకి పోవాలి. అందుకని కలపడం ముందు కాదు, ఐస్ ముందు. సిస్టర్ ఒక స్టీలు గిన్నె నిండా చిన్న చిన్న ఐస్ ముక్కలు తెచ్చింది. కాచి చల్లార్చిన నీళ్లతో వార్డు ఫ్రిజ్‌లోనే చేసినవి. మలయాళీ అమ్మాయి, తెలుగు మనకంటే స్పష్టంగా మాట్లాడుతుంది.

"అంకుల్, ముక్క బుగ్గకి ఆనించి పెట్టండి. నమలొద్దు. కరిగిపోకముందే ఇంకోటి."

ఆయన అరగంట చప్పరించాక నోరు తెరిపించి టార్చి వేసి చూసింది. నాలుక పాలిపోయి ఉంది. అప్పుడు ఫార్మసీకి ఫోన్: "ఇప్పుడు కలపండి." మందు వచ్చాక ఇద్దరు సిస్టర్లు పేరు, ఐపీ నంబరు, డోసు పైకి చదివి సరిచూసుకున్నారు. డ్రిప్ అరగంటలో అయిపోయింది. ఐస్ మాత్రం సాయంత్రం దాకా సాగింది. పళ్లు జివ్వుమంటున్నాయని ఆయన గిన్నె పక్కకు నెట్టేస్తే, "ఇంకో గంట అంకుల్" అని ఆ పిల్ల మళ్లీ దగ్గరికి జరిపేది. పుల్ల ఐసు తెచ్చిపెట్టమని నన్ను బతిమాలారు. రంగు నీళ్లు కుదరవంది.

ఐస్‌కి ఇంత హడావుడి ఎందుకంటే, నోటిలో రక్తనాళాలు చలికి ముడుచుకుంటాయి, మందు అక్కడికి తక్కువగా చేరుతుంది. 2006లో ప్రచురించిన ఒక ట్రయల్‌లో 40 మందిని రెండు గుంపులు చేసి చూస్తే, ఉప్పునీళ్లు పుక్కిలించినవాళ్లలో 74 శాతం మందికి నోరు తీవ్రంగా పుండైంది, ఐస్ చప్పరించినవాళ్లలో 14 శాతం మందికి. మొత్తం ట్రాన్స్‌ప్లాంట్‌లో డబ్బు ఖర్చు లేనిది ఇదొక్కటే. మా ఆయనకి నోరు కొంచెం మండింది గానీ మింగలేని పరిస్థితి రాలేదు. ఐస్ పేగుల దాకా పోదు కదా, విరేచనాలు మాత్రం ఒళ్లు హూనం చేశాయి. ఆ రోజుల్లో ఆయమ్మ చేసిన సేవకి నేను ఏ స్టార్లు ఇవ్వగలను? ముక్కు చిట్లించకుండా ప్రతిసారీ కొలిచి రాసి, మంచం మార్చి వెళ్లేది. జుట్టు ముందే గీయించేశాం. "తిరుపతి మొక్కు ఇక్కడే తీరిపోయింది, బస్సు ఖర్చు మిగిలింది" అన్నారు ఆయన.

కణాలు ఎక్కించడం పెద్ద తంతేమీ కాదు, రక్తం ఎక్కించినట్టే. దాని తర్వాతే అసలు పరీక్ష. తెల్లకణాలు దాదాపు సున్నాకి వచ్చేస్తాయి. ఒక రాత్రి జ్వరం 101కి వెళ్లింది. బెల్లు కొట్టిన దగ్గర్నుంచి గడియారం చూస్తూనే ఉన్నాను. డ్యూటీ డాక్టర్ వచ్చి, కల్చర్‌కి రక్తం తీసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టేసరికి అరగంట కాలేదు. గంటలోపు పడాలన్నది వాళ్ల రూలు. పడింది. రాత్రి రెండింటికి కూడా పడింది, అదీ నేను చూసేది. ప్లేట్‌లెట్లు పది వేల దిగువకు వస్తే తప్ప, లేదా రక్తస్రావం, జ్వరం లాంటివి ఉంటే తప్ప ఊరికే ఎక్కించలేదు. ఎక్కించిన ప్రతి బ్యాగూ ఇర్రేడియేట్ చేసిందే, అంటే రేడియేషన్ పెట్టిందే, స్టిక్కరు నేనే చూశాను. దాత రక్తంలోని లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) రోగి ఒంటి మీద తిరగబడకుండా అలా చేస్తారు.

తిండి దగ్గర మాత్రం ఆశ్చర్యపోయాను. పచ్చిది ముట్టుకోకూడదు, కుక్కర్లో ఉడికినది తప్ప పెట్టకూడదు అని అందరూ భయపెట్టారు. ఇక్కడ డైటీషియన్ శుభ్రంగా కడిగి తొక్క తీసిన పండు ఇవ్వొచ్చంది. పాశ్చరైజ్ చేసిన పాలతో చేసిన ప్యాకెట్ పెరుగు కూడా. 2023లో ఇటలీవాళ్లు ప్రచురించిన ట్రయల్‌లో కట్టుదిట్టమైన పథ్యం పెట్టినవాళ్లకీ, కడిగిన పళ్లూ కూరగాయలూ పెట్టినవాళ్లకీ ఇన్ఫెక్షన్లలో తేడా లేదని తేలిందట. రుజువైన రూలు పట్టుకోవడం, రుజువు కాని రూలు వదిలేయడం, రెండూ చేతనైన వార్డు ఇది. మాస్కు, చేతులు కడగడం విషయంలో అణువంత సడలింపు లేదు. మా బావగారు పూలబొకేతో వస్తే లిఫ్ట్ దగ్గరే ఆపేశారు. ఆవకాయ మాత్రం నోరు పూర్తిగా మానేదాకా వద్దన్నారు, దానికి ట్రయల్ ఏమీ అడగలేదు నేను.

పక్క గదిలో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కుర్రాడు. ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్. అన్న దగ్గర కణాలు తీసి ఎక్కించారు. అది ఆలోజెనిక్, మా ఆయనది దాని ముందు చిన్నాటే. దాత కణాలు రోగి ఒంటినే పరాయిదనుకుని దాడి చేయకుండా సైక్లోస్పోరిన్, దాంతోపాటు ఒకటి, మూడు, ఆరు, పదకొండో రోజుల్లో చిన్న డోసు మెథోట్రెక్సేట్. అమెరికాలోని సియాటిల్‌లో రూపుదిద్దుకుని 1986లో ప్రచురించిన పద్ధతి. వాళ్లమ్మ కారిడార్‌లో మెథోట్రెక్సేట్ అని రాసిన కాగితం చూపించి "ఇది ఏం మందు అక్కా?" అంది. మా షాపులో కీళ్లవాతానికి రోజూ అమ్మే మాత్రే. వారానికి ఒక్కరోజే వేసుకోవాలని కవరు మీద ఎర్ర పెన్నుతో రాసి ఇస్తాను.

ఆమెకి ఇంకొకటి కూడా చెప్పాను. మాకు పక్కనే ఉన్న భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, అమెరికాలో లెడర్లే మందుల కంపెనీలో పరిశోధన నడిపించారు. ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్ అనే మందుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ ల్యుకేమియా పిల్లలకి ఇచ్చి, 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రచురించారు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. సుబ్బారావు గారు ఆ ఏడాదే పోయారు. ఆమె అంతా విని "మన గోదావరాయనేనా?" అంది. మహబూబ్‌నగర్ ఆమె నోట 'మన' అని వచ్చినందుకు నాకు సంతోషమేసింది.

పరిశోధన మాటొచ్చింది కాబట్టి చెబుతాను. ఆయన వివరాలు పేరు లేకుండా ట్రాన్స్‌ప్లాంట్ రిజిస్ట్రీకి పంపడానికీ, పరీక్షకి తీసిన మూలుగులో మిగిలింది పరిశోధనకి దాచడానికీ అనుమతి అడిగారు. కోఆర్డినేటర్ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. సంతకం పెట్టకపోయినా వైద్యంలో మార్పుండదు, పెట్టాక కూడా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, ఫిర్యాదు ఉంటే ఎథిక్స్ కమిటీ నంబరు ఇదిగో అని చూపించి, కాగితాలు మా దగ్గరే వదిలి రేపొస్తానంది. వెయిటింగ్ హాల్లో ఒకాయన "ట్రయల్ అంటే మన మీద ప్రయోగమే" అని అందర్నీ బెదరగొడుతుంటే, మన దేశంలో ప్రతి ట్రయల్‌నీ సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలనీ, 2009 నుంచి అది తప్పనిసరనీ, ఫోన్‌లోనే ఎవరైనా వెతికి చూడొచ్చనీ నేను చూపించాను. ఆయన ఒప్పుకున్నాడని చెప్పను గానీ వెబ్‌సైట్ పేరు రాసుకున్నాడు.

విడ్డూరం ఏంటంటే, మిగిలిన మూలుగు చుక్కకి ఇంత మర్యాద చేసినవాళ్లు, అసలు ట్రాన్స్‌ప్లాంట్ ఒప్పంద పత్రం మాత్రం అడ్మిషన్ కౌంటర్‌లో, వెనక క్యూ నిలబడి ఉండగా, వేలితో చూపించి సంతకాలు చేయించుకున్నారు. ప్రాణాపాయం గురించి రాసిన పేజీ కూడా అందులోనే ఉంది. ఓపీలో డాక్టర్ గారు అన్నీ చెప్పబట్టి సరిపోయింది.

ఇక బిల్లు. ఎస్టిమేట్ ఎనిమిది లక్షలు, చివరికి తొమ్మిదిన్నర దాటింది. ప్లెరిక్సాఫోర్, రెండు బ్యాగులు దాటిన ప్లేట్‌లెట్లు, యాంటీఫంగల్ ఇంజెక్షన్ ఎస్టిమేట్‌లో లేవు. ఇవి అవసరం పడొచ్చని వాళ్లకి తెలియదా? ఆ మూడింటినీ 'పడితే ఇంత' అని కింద ఒక లైను రాస్తే ఏం పోయింది? మెల్ఫలాన్ నేను మా డిస్ట్రిబ్యూటర్ దగ్గర తెస్తానంటే ఒప్పుకోలేదు. బ్యాచ్ బాధ్యత వాళ్లది, అది సబబే. కానీ గ్లౌజులు, డైపర్లు, పారాసిటమాల్ కూడా ఎమ్మార్పీకి వాళ్ల దగ్గరే కొనాలట. జెనరిక్ మందు కొనే ధరకీ డబ్బా మీద ఉండే ధరకీ మధ్య ఎంత జాగా ఉంటుందో నాకు చెప్పాలా? 2019లో కేంద్రం 42 రకాల క్యాన్సర్ మందుల మీద ట్రేడ్ మార్జిన్ 30 శాతం దాటకూడదని కట్టడి చేసింది అందుకే కదా. డైపర్ల మీద అలాంటి కట్టడి లేదు. బిల్లులో రెండుసార్లు ఎక్కించిన ఒక ఇంజెక్షన్ ఎంట్రీ మీదే ఇప్పుడు నా పేచీ, ఈమెయిళ్లు నడుస్తున్నాయి. అటెండెంట్ కుర్చీ మీద నిద్రపోవడం అసాధ్యం, పక్క వీధిలో హాస్టల్ చూసుకుని, పగలు నేను, రాత్రి మా తమ్ముడు ఉన్నట్టు మీరూ వంతులు వేసుకోండి.

పన్నెండో రోజుకి న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) 500 దాటి, తర్వాత రెండు రోజులూ నిలబడ్డాయి. ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ కోసం మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు, అందులో వైరస్ ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే ఎసైక్లోవిర్ ఎన్నాళ్లు వాడాలో రాయలేదు. అడిగి చేత్తో రాయించుకున్నాను. చిన్నప్పుడు వేసుకున్న టీకాల బలం ట్రాన్స్‌ప్లాంట్‌తో తగ్గిపోతుంది, మళ్లీ వేయించాలి అన్న సంగతి కూడా నేను కదిపితేనే చెప్పారు. షెడ్యూల్ వాట్సాప్‌లో వచ్చింది. నూరో రోజు దాటాక లెనలిడోమైడ్ 10 మిల్లీగ్రాములు మెయింటెనెన్స్‌గా మొదలైంది, నెల నెలా సీబీసీ గూడెంలోనే చేయించి పంపుతున్నాం.

వైద్యానికి అయిదు, నర్సింగ్‌కి అయిదు, బిల్లింగ్‌కి రెండు. ఆ ఇంజెక్షన్ డబ్బు వెనక్కి వేస్తే మూడు చేస్తాను.